నటించలేదు, జీవించింది

‘ఆనవాలు’ విడుదలైన వారానికల్లా దాని గురించి ఏదో ఒకటి రాయనివాడు మనిషే కాదన్నట్టయింది. ఆరు కథల సిరీస్ అది. ఆరూ రాబోయే కాలానికి చెందినవే. ప్రతి కథలోనూ ఏదో ఒక యంత్రం మనిషి మెడ మీద కాలు వేసి నిలబడి ఉంటుంది. ఒక పత్రిక నాలుగున్నర స్టార్లిచ్చి, తెలుగువాళ్లు ఇన్నాళ్లకు ఎదిగారంది. యూట్యూబులో ఒకాయన మొదటి కథ సాగదీశారనీ, ఐదోది తలకెక్కలేదనీ పదిహేను నిమిషాలు విసుక్కున్నాడు. పేరున్న ఒక పెద్ద విమర్శకుడు మాత్రం రెండో కథ దగ్గర ఆగి, ‘ఇది అతిశయోక్తి. యంత్రం కాదన్నంత మాత్రాన ఒక ముసలిది తన తిండే వదులుకుంటుందా? నమ్మేలా లేదు’ అని తేల్చేశాడు.

ఆ మాటకే జయంతికి కోపం వచ్చింది. జయంతి అనంతపురంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతుంది. హైదరాబాదు వెబ్‌సైటు ఒకదానికి ఎనిమిదేళ్లుగా సినిమా సమీక్షలు రాస్తోంది. ఆ పెద్దాయనకు జవాబుగానే తన సమీక్ష రాసింది. రెండో కథలో ముసలామె రేషను కోసం యంత్రం మీద వేలు పెడుతుంది, అది కాదంటుంది. మళ్లీ పెడుతుంది, మళ్లీ కాదంటుంది. ఎదురుగా కూర్చున్న అధికారి కాళ్ల మీద పడుతుంది. నాలుగు నిమిషాలు, ఒక్క కట్ లేదు. ఆమె ఎవరో ఎవరికీ తెలియదు, చివర్లో పేరు కూడా వేయలేదు. ‘ఈ తల్లి నటించలేదు, జీవించింది’ అని జయంతి రాసింది. ఆ ఒక్క వాక్యాన్ని సిరీస్ వాళ్లు పోస్టరు మీద వేసుకున్నారు. జయంతి ఆ పోస్టరును తన ఫోనులో దాచుకుంది.

వెబ్‌సైటు సంపాదకుడు హర్ష ఫోన్ చేశాడు. “ఆ ముసలామె మీ వైపు మనిషేనట మేడం. ముదిగుబ్బ దగ్గర ఏదో పల్లెలో తీశారట. వెళ్లి ఇంటర్వ్యూ చేయండి, అందరికంటే ముందు మనమే వేద్దాం.”

ఆదివారం పొద్దున్నే జయంతి ముదిగుబ్బ బస్సెక్కింది. దిగినాక ఆటోవాళ్లను అడిగితే, కుళ్లాయప్ప అనే ఆయన వెంటనే గుర్తుపట్టాడు. షూటింగు వాళ్లకు మధ్యాహ్నం భోజనాలు మోసింది ఆయన ఆటోలోనే.

“నల్లమ్మవ్వ కాడికేనామ్మా? రాండి, కూచోండి. ఆయమ్మ ఈ మధ్య శానా చిక్కిపోయింది. ఎవురితోనూ మాట్లాడదు. మేము సినిమాలో చేసినావంట గదా అవ్వా అని అడిగితే తిట్టింది.”

దారి పొడవునా చేలు ఎండి ఉన్నాయి. విత్తనం వేసి నెలన్నరైనా వాన లేక వేరుశెనగ చెట్లు జానెడు కూడా లేవలేదు. సిరీస్ మీద వచ్చిన ఒక సమీక్షలో, భవిష్యత్తులో ఎడారైపోయిన భూమిని కళాదర్శకుడు అద్భుతంగా సృష్టించాడని చదివినట్టు జయంతికి గుర్తొచ్చింది. అప్పుడు నవ్వుకుంది గానీ ఇప్పుడు నవ్వు రాలేదు.

నల్లమ్మ ఇల్లు ఊరి చివర, గొర్రెల దొడ్డి పక్కన ఉంది. అరుగు మీద కూర్చుని ఎవరివో వేరుశెనగ కాయలు ఒలుస్తోంది. ఆటో దిగిన జయంతి చేతిలో సంచీ, పుస్తకం, పెన్ను చూడగానే చేటను పక్కకు తోసి లేచి నిలబడింది.

“నేను పోల్యా తల్లీ,” అంది. “ఆ పొద్దు మీవోళ్లు చెప్పినప్పటి నుంచి రేషను స్టోరు దిక్కే పోల్యా. కావాలంటే డీలరు ఓబన్నను అడుగు. నా మీద కేసు పెట్టొద్దు. కార్డులో మా వీరేషు పేరు గూడా ఉండాది. వాడు రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టుకుంటా బతుకుతాండాడు, వాన్ని ఈడ్సొద్దండి.”

జయంతికి మొదట ఏమీ అర్థం కాలేదు. “కేసేంటవ్వా? నేను సినిమాల మీద రాసేదాన్ని. నువ్వు చేసిన సినిమా గురించి మాట్లాడేకి వచ్చినా,” అంది.

“యా సినిమా? ఊళ్లోవోళ్లు గూడా అదే అని ఎగతాళి చేస్తాండారు.”

అడగ్గా అడగ్గా నల్లమ్మ చెప్పింది. శివరాత్రికి ముందు, ఊళ్లోకి కార్లు వచ్చాయి. ఏదో షూటింగంటే జనమంతా చెరువుకట్ట దిక్కు పోయారు. ఈమె పోలేదు, ఒలవాల్సిన కాయలున్నాయి. ఒక పిల్ల ఇంటికి వచ్చి, కార్డుల తనిఖీ జరుగుతోందని, వేలు పెట్టి రావాలని పిలుచుకుపోయింది. మూతబడిన విత్తనాల గోడౌనులో బల్ల, బల్ల మీద పచ్చ లైటు మిషను, తెల్లచొక్కా వేసుకున్న ఆఫీసరు. వేలు పెడితే ఎర్ర లైటు. ఎన్నిసార్లు పెట్టినా ఎర్ర లైటే.

“ఈ ఏలు నీది కాదన్నాడమ్మా ఆయప్ప. నల్లమ్మ అనే మనిషి సచ్చిపోయింది, నువ్వు ఆయమ్మ కార్డు మీద దొంగతిండి తింటాండావన్నాడు. ఇంగోసారి స్టోరు మెట్టెక్కితే జైలన్నాడు. కాళ్లు పట్టుకుంటి. ల్యా, ఇనల్యా.” ఆమె చేతులు రెండూ జయంతి ముందు చాచింది. నలభై ఏళ్లు కాయలు ఒలిచి ఒలిచి వేళ్ల చివర్లు అరిగిపోయి గచ్చులా నున్నగా ఉన్నాయి. “నా ఏళ్లు ఇట్లుండాయి గదా, నిజమే గాబోలనుకుంటి. ఆమీట ఆ పిల్ల వచ్చి ఒక చీర చేతిలో పెట్టి, ఏదో కాయితం మీద ఏలు ఒత్తించుకుని పాయ. మిషనుకు పనికిరాని ఏలు కాయితానికెట్ల పనికొచ్చ అని అడగల్యా నేను. అడగాలని తట్టల్యా.”

“ఎవరికీ చెప్పలేదా?”

“దొంగదాన్నని ఎవురికి చెప్పుకోమంటావు?”

ఆరు నెలలు. ఆరు నెలలుగా ఆ మనిషి స్టోరు బియ్యం తెచ్చుకోలేదు. కూలికి పోయిన రోజు ముద్ద, లేని రోజు పక్కింటి సిద్దమ్మ పెట్టిన సద్ది. కొడుక్కి ఫోనులో ‘తింటాండా, బాగుండా’ అని చెప్పుకొస్తోంది.

జయంతి ఏం చేస్తోందో ఆలోచించకుండానే ఫోను తీసి ఆ నాలుగు నిమిషాలూ నల్లమ్మకు చూపించింది. నల్లమ్మ ఫోనును మొహానికి దగ్గరగా పెట్టుకుని చూసింది. తనే కాళ్ల మీద పడటం చూసింది. తన కొంగు జారడం చూసింది. ఏడవలేదు. చూపు పైకెత్తినప్పుడు ఆమె కళ్లలో భయం లేదు.

“అంటే ఆ మిషను ఉత్తదా?”

“ఉత్తదే.”

“ఆయప్ప?”

“యాక్టరు.”

“దీన్ని ఎంతమంది చూసినారు?”

“లక్షలమంది.”

“చూసి ఏమన్న్యారు?”

జయంతి ఫోను వెనక్కి తీసుకోబోయింది. నల్లమ్మ వదల్లేదు. “నువ్వు గూడా రాస్తావంటివి గదా. నువ్వేం రాసినావో సదువు.”

చదవక తప్పలేదు. తన వాక్యాలన్నీ ఆ అరుగు మీద కూర్చుని గట్టిగా చదివింది. కళాత్మకత, కెమెరా పనితనం, సహజత్వం. ‘ఈ తల్లి నటించలేదు’ దగ్గరికి వచ్చేసరికి ఆ లైను దాటేద్దామనుకుంది. అయినా చదివింది.

“నేను యాడ నటిస్తి?” అంది నల్లమ్మ. “నా ఉసురు పోతాంటే మీరంతా బాగుందని చూస్తిరి. సదువుకున్నదానివి, అది నిజం ఏడుపని నీకు తెలీలేదా?”

తెలిసింది. అదే జయంతిని కాల్చింది. ఆ సన్నివేశం చూస్తున్నప్పుడు, ఇది నటన కాదేమో అని ఒక్క క్షణం అనిపించింది. ఆ అనుమానాన్నే మెచ్చుకోలుగా మార్చి రాసింది.

“లెయ్ అవ్వా, స్టోరుకు పోదాం,” అంది.

ఓబన్న అప్పుడే తలుపు మూయబోతున్నాడు. నల్లమ్మను చూసి, “ఏమవ్వా, ఇన్నాళ్లూ యాడికి పోతివి? కొడుకు కాడికి పోయినావనుకుంటిమే,” అన్నాడు. మిషను ముందుకు తోశాడు. మొదటిసారి పడలేదు. నల్లమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. ఓబన్న మామూలుగానే తడిగుడ్డతో ఆమె వేలు తుడిచి, పక్క వేలు పెట్టించాడు. పడింది. బియ్యం తూచి సంచిలో పోశాడు. మొత్తం పని మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

“పోయిన నెలలవి?” అని జయంతి అడిగింది.

“అవి రావమ్మా. ఏ నెలది ఆ నెలే.”

ఆ సాయంత్రమే జయంతి జరిగిందంతా రాసి హర్షకు పంపింది. హర్ష గంట తర్వాత ఫోన్ చేశాడు.

“బాగా రాశారు మేడం, కానీ వేయలేం. వచ్చే వారం మన అవార్డుల సభకు ఆ డైరెక్టరే ముఖ్య అతిథి. అయినా మీ సమీక్షలో నాలుగు స్టార్లిచ్చి, ఇప్పుడు మనమే దానికి ఎదురు రాస్తే నవ్వుతారు.”

“అయితే మొదటిది తీసేయండి.”

“పోస్టర్ల మీదికి ఎక్కాక తీసేస్తే ఏం లాభం?”

డైరెక్టరు శశి నంబరు ఇవ్వమంది. ఇచ్చాడు. శశి చాలా మర్యాదగా మాట్లాడాడు. ముప్పై ఏళ్లు దాటని గొంతు.

“కెమెరా దాచకుండా, ముందే చెప్పి చేయిస్తే ఆ ముఖం వచ్చేదా మేడం? నలుగురు నటుల్ని ప్రయత్నించాను, ఎవరికీ రాలేదు. అయిపోగానే ఆమెకు అంతా చెప్పమని మా అసిస్టెంటుతో అన్నాను. ఆ అమ్మాయి మర్చిపోయినట్టుంది. సారీ. కానీ మీరే కదా రాశారు, ఇలాంటి నిజాయితీ తెలుగు తెర మీద చూడలేదని?”

“రాసినా. సిగ్గులేక రాసినా,” అంది జయంతి. కాలేజీలోనూ, హైదరాబాదు వాళ్లతోనూ మాట్లాడే ఆమె భాష ఎక్కడికి పోయిందో పోయింది. “ఆ ముఖం ఆయమ్మది. అడక్కుండా ఎత్తుకపోతివి నువ్వు. యంత్రాలు మనుషుల్ని తింటాయని ఆరు కథలు తీసినావే, ఆరు నెల్లు ఆయమ్మ నోటికాడ కూడు తీసింది యా యంత్రమప్పా? నువ్వే గదా! వచ్చి ఆ ఊళ్లో నిలబడి, ఈ మనిషి దొంగ కాదని చెప్పు.”

“షెడ్యూలు చూసి చెప్తాను మేడం,” అన్నాడు శశి. మళ్లీ ఫోనెత్తలేదు.

జయంతి అంతా తన పేజీలోనే పెట్టింది. రెండు రోజుల్లో ఊరూరా పాకింది. బూతులు తిట్టినవాళ్లున్నారు, చేతులు జోడించినవాళ్లున్నారు. సిరీస్ వాళ్లు రెండో కథకు ముందు ఇంగ్లీషులో రెండు పంక్తుల క్షమాపణ తగిలించి, ఆ సన్నివేశాన్ని అలాగే ఉంచారు. అతిశయోక్తి అన్న పెద్ద విమర్శకుడు మళ్లీ ఆ ఊసెత్తలేదు. జయంతికి అన్నిటికంటే ఒళ్లు మండించింది ఒక కుర్ర విమర్శకుడి వ్యాఖ్య. ‘ఇది తెలిశాక ఆ సన్నివేశం ఇంకా గొప్పగా అనిపిస్తోంది. మళ్లీ చూశాను.’ ఆ వ్యాఖ్య కింద వందలమంది తామూ మళ్లీ చూశామని రాశారు. ఆమె చేతిలో ఫోను గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. హర్షకు ఇకమీదట రాయనని ఒక్క లైను పంపి, నల్లమ్మకు కబురు చెప్పడానికి మళ్లీ ముదిగుబ్బ బస్సెక్కింది.

నల్లమ్మ అంతా విన్నది. “ఆయప్ప రాడంటావు.”

“రాడవ్వా.”

“ఇంగ్లీషులో రాసినారంటావు. ఈడెవురు సదువుతారు? అదిగో, ఆ సినిమా చూసినోళ్లు ఇప్పటికీ నన్ను సచ్చిపోయిన నల్లమ్మ అంటాండారు. కార్డు దొంగ అని గూడా అంటాండారు. యాక్టింగంటే కొందరు నమ్మల్యా.” ఆమె కాసేపు కాయలు ఒలిచి, తలెత్తకుండానే అంది. “వాడు రాకపోతే నువ్వు రా. నువ్వు గూడా బాగుందని రాసినదానివే గదా. ఒకటో తేదీ స్టోరు కాడ ఊరంతా ఉంటాది.”

ఒకటో తేదీ జయంతి కాలేజీకి సెలవు పెట్టింది. స్టోరు ముందు అరవై డెబ్బై మంది వరసలో ఉన్నారు, సంచులు నెత్తి మీద వేసుకుని, ఎండకు విసుగ్గా. క్లాసులో వందమంది ముందు రోజూ గొంతెత్తే మనిషి అక్కడ వరస చివరే ఆగిపోయింది. నల్లమ్మ ఆమె ముంజేయి పట్టుకుని ఓబన్న అరుగెక్కించింది.

“నా పేరు జయంతి,” అంది. “నల్లమ్మవ్వను సినిమావోళ్లు మోసం చేసినారు. ఆ మిషను అబద్ధం, ఆ ఆఫీసరు అబద్ధం. అవ్వ కార్డు నిజం, అవ్వ ఏడ్చింది నిజం. దాన్ని చూసి బాగుందని పేపరుకు రాసినోళ్లలో నేనూ ఒకదాన్ని. తప్పు చేసినా...”

వరసలో గుసగుసలు లేచాయి. ఎవరో నవ్వారు, ఇంకెవరో నవ్వినవాణ్ని కసిరారు. సిద్దమ్మ తన సంచి కింద పెట్టి ముందుకు వచ్చి నిలబడింది. నల్లమ్మ కొంగు బిగించి నడుముకు దోపుకుంది.

“గట్టిగా చెప్పమ్మే,” అంది. “ఎనకున్నోళ్లకు ఇనపల్యా.”