మ్యాప్‌లో తెల్లటి చోటు

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మొండివాళ్లను ఆమె చాలామందినే చూసింది. కుందేలును చూడకుండానే కాళ్లు లెక్కపెట్టిన ఘనుడు మాత్రం డైరెక్టరుగారొక్కరే. ఆయన ఆమెకు సొంత అక్క మొగుడు. ఆఫీసులో సర్, ఇంట్లో బావగారు, రెండుచోట్లా దండగ.

తుఫాను వచ్చినప్పుడు గాలి సముద్రాన్ని నదీముఖంలోకి ఎంత ఎత్తున తోస్తుందో, ఆ నీళ్లు ఏ వీధి దాకా వస్తాయో కంప్యూటర్‌లో లెక్కకట్టడం ఆమె పని. నదిని చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడికీ లోతు ఇచ్చి, అందులో నీళ్లు నడిపిస్తుంది. "పాత వంతెన దగ్గర ఆపెయ్. ఆ పైన ఎవడిక్కావాలి? మెషిన్ రోజంతా దానికే సరిపోతోంది" అన్నారు డైరెక్టరుగారు ఎండాకాలంలో. ఆపేసింది. వంతెనకు ఎగువనున్న పేటలన్నీ మ్యాప్‌లో తెల్లగా మిగిలిపోయాయి. తెలుపంటే నీళ్లు రావని కాదు, అక్కడ లెక్కే వెయ్యలేదని. ఈ ముక్క ఆయనకు నోరు నొప్పెట్టేలా చెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

తీరా తుఫాను రేపో మాపో అనగా, ఆయన టీవీవాళ్ల ముందు నిలబడి ఆ తెలుపు మీద వేలు పెట్టి "ఇక్కడికి చుక్క నీరు రాదు" అన్నారు. అంతే, నదీముఖం దగ్గరి వాడలు ఖాళీ చేయించి జనాన్ని ఎగువనున్న స్కూలుకు తరలించడం మొదలుపెట్టారు. అక్కనూ పిల్లల్నీ కూడా ఆయన ఆ స్కూలు పక్క గెస్ట్‌హౌస్‌లోనే దింపారు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. వంతెన దాటాక నది సన్నబడుతుంది. వెనక నుంచి తోసుకొచ్చే నీళ్లు పక్కలకు దారి లేక పైకి లేస్తాయి. ఎవరినీ అడక్కుండా అక్కడికీ గళ్లు వేసి లెక్క నడిపింది. ఆ లెక్క స్కూలు కిటికీల పైఅంచు దాకా నీళ్లు చూపించింది.

పొద్దున్నే ఆ మ్యాప్ ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన చాలాసేపు చూసి, సొరుగులో పడేశారు.

"నిన్ననే టీవీలో చెప్పేశాం కదమ్మా. ఇవాళ మాట మారిస్తే ఆఫీసు పరువేం కాను? ఇదేదో తప్పొచ్చుంటుందిలే."

మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. "ఏమే, మీ బావ కారు పంపించి మమ్మల్ని ఉన్నపళంగా గుట్ట మీద హోటల్‌కి మార్చేశారే. ఎందుకో చెప్పరు. పిల్లలు అన్నాలైనా తినలేదు."

ఆమె ఫోన్ పెట్టేసింది. ఇన్నాళ్లూ ఆయన్ని మూర్ఖుడనుకుంది. మూర్ఖుడైతే క్షమించేదేమో. ఆయనకు శుభ్రంగా అర్థమైంది, తన పెళ్లాం పిల్లల వరకూ అర్థమైంది. ఇంత నీచానికి ఆమె దగ్గర తిట్టు కూడా లేదు.

సాయంత్రం కంట్రోల్ రూంలో సహాయ శిబిరాలు చూసే కమిషనరమ్మ అడుగుతోంది, ఆయన చిరునవ్వుతో చెబుతున్నారు. "స్కూలుకి ఏ భయమూ లేదు మేడమ్. చూడండి, అంతా తెలుపే."

ఆమె ఫోన్ తీసి, అక్కకు కలిపి, స్పీకర్ పెట్టి బల్ల మధ్యలో ఉంచింది.

"అక్కా, ఎక్కడున్నావు?"

"గుట్ట మీదేనే. కిందకి దిగొద్దని మీ బావ ఒట్టేయించుకున్నారు. స్కూలు వైపు అసలు వెళ్లొద్దట. అక్కడికేమో బస్సులు వస్తూనే ఉన్నాయి, కిటికీలోంచి కనబడుతున్నాయి."

డైరెక్టరుగారి మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. ఆమె కొత్త మ్యాప్ కాపీ కమిషనరమ్మ ముందు పరిచింది. కమిషనరమ్మ ఒక్కసారి చూసి వైర్‌లెస్ అందుకుంది. "బస్సులన్నీ గుట్ట మీదకి తిప్పండి. స్కూల్లో ఉన్నవాళ్లని ముందు ఎక్కించండి, పరిగెత్తండి."

అప్పుడు డైరెక్టరుగారు గొంతు సవరించుకున్నారు. "నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నా మేడమ్, తెలుపంటే లెక్క వెయ్యలేదనే అర్థమని."

బల్ల మీద ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉంది.

"ఏవండీ," అంది అక్క గొంతు. "మీకు ముందే తెలుసా? మరి స్కూల్లో వాళ్లకెందుకు చెప్పలేదు?"

ఆయన ఫోన్ కట్ చెయ్యడానికి చెయ్యి చాపారు. ఆమె దాన్ని అందకుండా పక్కకు జరిపింది.

"అక్క అడుగుతోంది, చెప్పండి బావగారూ" అంది, ఆఫీసులో మొదటిసారి ఆయన్ని ఆ వరసతో పిలుస్తూ.