మనోరమ గదికి దించిన వైరు

కరుణాకర్‌రావు కరీంనగర్‌లో కొత్త ఇల్లు కట్టించింది తొంభై ఆరులో. కింది అంతస్తు పూర్తికాగానే కాపురం మార్చాడు. పైన ఒక గదిని సినిమాలు చూడటానికే ఉంచాడు. హైదరాబాద్‌లో స్నేహితుడి ఇంట్లో అలాంటి గది చూసివచ్చాడు. పెద్ద టీవీ, ఐదు స్పీకర్లు. గోడమీద ఎక్కడా తీగ కనపడదు. మనింట్లో కూడా అట్లాగే ఉండాలని ప్లాస్టరింగు ఆపించి, మస్కట్‌లో ఆరేళ్ళు వైరింగు పనిచేసి వచ్చిన సిద్దిరాములును రమ్మన్నాడు.

సిద్దిరాములు వచ్చిన రోజు ఆయన రైస్‌మిల్లులో ఉన్నాడు. భార్య నర్మద చుట్టాల పెళ్ళికి పోయింది. ఇంట్లో ఉన్నది కరుణాకర్‌రావు అక్క మనోరమ ఒక్కతే.

"సార్ లేరా అమ్మా? మనుషులు ఏడ కూసుంటరో తెల్వకుంటే వైర్ల పైపులు ఎటు కొట్టాల్నో తెల్వది" అన్నాడు సిద్దిరాములు.

"పైకి నడువు. నేను చెప్త" అంది మనోరమ.

ఆమె మెట్లు చకచకా ఎక్కింది. పైకి పోయి గుమ్మాన్ని చేత్తో తడుముకునేదాకా ఆమెకు చూపు లేదని సిద్దిరాములుకు తెలియలేదు.

ఆమెకు యాభై రెండేళ్ళు. భర్త పోయాక తమ్ముడి దగ్గరికి వచ్చింది. తర్వాత నీటికాసులనే కంటి జబ్బుతో చూపు తగ్గుతూ తగ్గుతూ, ఎనిమిదేళ్ళ కిందట పూర్తిగా పోయింది. చూపున్నప్పుడు ఆమె, నర్మద వారానికొక మ్యాట్నీకి రిక్షాలో పోయేవాళ్ళు. చూపు పోయాక కూడా నర్మద రెండుసార్లు తీసుకుపోయింది. "ఇప్పుడెవరొచ్చిన్రు? ఎందుకు నవ్వుతున్రు?" అని ఈమె అడుగుతుంటే ముందు వరుసవాళ్ళు వెనక్కి తిరిగి గుర్రుగా చూశారు. మూడోసారి నర్మద పిలవలేదు. మనోరమ అడగలేదు.

గది మధ్యలో నిలబడి ఆమె రెండు చేతులూ చరిచింది. పక్కకు జరిగి మళ్ళీ చరిచింది.

"గీ మూలకు చప్పుడు గిర్రున తిరుగుతుంది. గీడ స్పీకర్ డబ్బా పెడితే మాట తెల్వదు" అంది.

సిద్దిరాములు కూడా చరిచి చూశాడు. నిజమే. "మస్కట్‌ల మా ఇంజనీరు గూడ గిట్లనే చప్పట్లు కొట్టేటోడమ్మా" అన్నాడు నవ్వుతూ.

సాయంత్రం తమ్ముడు వచ్చి, "నువ్వే చూసుకో అక్కా, నాకెక్కడ తీరుతది" అన్నాడు. అలా ఆ పని మనోరమ చేతికి వచ్చింది. సోఫాలు ఎక్కడ, టీవీ ఎంత ఎత్తులో, వెనక స్పీకర్లు కూర్చున్నవాళ్ళ చెవులకు ఎంత పైన ఉండాలి, అన్నీ ఇద్దరూ మాట్లాడుకున్నారు. సిద్దిరాములు ఇటుక గోడకు సుద్దతో గీతలు గీసి, ఆమె వేళ్ళు పట్టుకోకుండా, "కుడిదిక్కు జరుపున్రి, ఇగో గీడ" అని చెప్తే ఆమె గరుకు గోడమీద గీత వెంట చెయ్యి పోనిచ్చేది. కరెంటు వైరున్న పైపులో స్పీకర్ వైరు వెయ్యకూడదనీ, వేస్తే గుయ్యిమని మోత వస్తుందనీ అతను చెప్పాడు. కిటికీకి మందం పరదా ఉండాలని ఆమె చెప్పింది. ఆమెను ఒకరు ఒక విషయం అడిగి, ఆమె చెప్పింది చేసి చాలా ఏళ్ళయింది. ఆ మూడు రోజులూ ఆమె పొద్దున్నే తలదువ్వుకుని సుత్తి చప్పుడు కోసం ఎదురుచూసింది.

నాలుగో రోజు పైపుల కోసం గోడల్లో గాడి కొట్టడం అయిపోతుండగా అడిగింది.

"సిద్దిరాములు, ఒక పైపు కిందికి దించస్తదా? నా గదిల ఒక చిన్న డబ్బా పెట్టెటట్లు."

"ఎందుకమ్మా? మీరు గీన్నే కూసుంటరు గద. నడుమ సోఫా మీకోసమే అనుకుంటున్న."

"ఈడ వాళ్ళు కూసుంటరు."

సిద్దిరాములు సుత్తి కింద పెట్టాడు. తర్వాత, సార్‌ను ఒకమాట అడగాలన్నాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర మనోరమే చెప్పింది. "పైకి ఎక్కాల్నంటే మోకాళ్ళు నొస్తున్నై తమ్మీ. నా గదిలకే ఒక డబ్బా పెట్టిపియ్యి. ఆన్నే కూసోని ఇంట."

ఇది అబద్ధమని ఇంట్లో అందరికీ తెలుసు. రోజూ ఆమె పదిసార్లు ఎక్కి దిగుతోంది. తమ్ముడు వద్దంటాడనుకుంది. అదేంది అక్కా, అందరితోటి కూసోవా అంటాడనుకుంది. కనీసం నర్మద అంటుందనుకుంది.

"మంచిదే అక్కా. నీకూ నిమ్మలంగ ఉంటది" అన్నాడు కరుణాకర్‌రావు. గొంతులో బరువేదో దిగిపోయినట్టు వినపడింది. నర్మద పెరుగు వడ్డించింది.

రెండు నెలలకు గది తయారైంది. ఒక ఆదివారం మధ్యాహ్నం చుట్టాలను పిలిచి నవ్వుల సినిమా క్యాసెట్ పెట్టారు. మనోరమ కింద తన గదిలో మంచం మీద కూర్చుంది. డబ్బాలోంచి ప్రతి మాటా స్పష్టంగా వస్తోంది. గరగర లేదు. కాసేపు సంతోషంగా విన్నది. అంతలో పైన అందరూ గొల్లున నవ్వారు. డబ్బాలో మాత్రం ఏదో కింద పడ్డ చప్పుడు, అంతే. మళ్ళీ నవ్వారు. ఏం జరిగిందో ఆమెకు తెలియలేదు. మూడోసారి నవ్వినప్పుడు లేచి పైకి పోయింది.

"అయ్యో వదినె, మీరెందుకొచ్చిన్రు, మోకాళ్ళు నొస్తయని..." నర్మద లేచింది. సోఫాలు జరిపారు. పిల్లల్ని కింద కూర్చోబెట్టారు. కరుణాకర్‌రావు సినిమా ఆపి, అప్పటిదాకా జరిగిన కథ చెప్పి మళ్ళీ పెట్టాడు. "ఇప్పుడు వాడు గోడ దుంకుతుండు అక్కా. పంచె ముల్లుకు తట్టుకున్నది." ఆమె కోసం అందరూ ఓపిగ్గా ఉన్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. ఎవరూ నవ్వడమూ లేదు. ఆమె అరగంట కూర్చుని, మోకాళ్ళు లాగుతున్నాయని లేచింది. సగం మెట్లు దిగేసరికి వెనక పెద్ద నవ్వు లేచింది.

పదిహేను రోజుల తర్వాత సిద్దిరాములు ఫ్యాను బిగించడానికి వచ్చి ఆమె గది ముందు ఆగాడు.

"మంచిగ ఇనస్తుందా అమ్మా?"

"మస్తుగ ఇనస్తుంది. సిద్దిరాములు, మస్కట్‌ల సినిమాలు చూసేటోనివా?"

"ఎనిమిది మందిమి ఒక్క రూముల ఉండేటోళ్ళం. ఏడుగురు మలయాళమోళ్ళు. వాళ్ళ సినిమాలే పెట్టేటోళ్ళు. నాకొక్క ముక్క తెల్వకపోయేది."

"మరేం జేసేటోనివి?"

"వాళ్ళు నవ్వితే నవ్వేటోన్ని. పక్కోళ్ళు నవ్వుతుంటే నవ్వొస్తది గదమ్మా."

మనోరమ డబ్బాను తడిమి చూసింది. తర్వాత, "గీ డబ్బాకు ఒక బటన్ పెట్టు. నేనే బంద్ చేసుకునేటట్లు" అంది. అతను పది నిమిషాల్లో మంచం పక్కన గోడకు బిగించి, పైకీ కిందికీ వేసి చూపించి వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం పైన సినిమా మొదలైంది. మనోరమ పేర్లూ పాటా అయ్యేదాకా విన్నది. తర్వాత బటన్ నొక్కి డబ్బా ఆపేసింది. కుర్చీని గుమ్మం దాకా జరుపుకుని తలుపు తెరిచింది. మెట్లమీద నుంచి తమ్ముడి నవ్వు, నర్మద నవ్వు, పిల్లల కేకలు దిగి వస్తున్నాయి. ఎందుకు నవ్వుతున్నారో తెలియకుండానే, వాళ్ళు నవ్వినప్పుడల్లా ఆమె కూడా కొంచెం నవ్వింది.