పన్నెండు పోగులు

గాజు పోగులు పన్నెండింటిని పక్కపక్కనే అతికిస్తే రిబ్బన్ కేబుల్. ఒక చివర లేజర్ల వరస, రెండో చివర ఆ వెలుగును అందుకునే వరస. ఈ భవనంలో కంప్యూటర్ల మధ్య నేను, ఆవరణకు అవతలి భవనంలో బాబాయ్. బాబాయ్ అంటే నాకేం చుట్టం కాదు, ఆఫీసులో అందరూ అలాగే పిలుస్తారు. నేను ఒక్కో పోగులోకి వెలుగు పంపి "ఒకటి" అంటే, ఆయన మీటరు చూసి ఫోన్‌లో "వచ్చింది" అనేవాడు. ఒక పోగుకూ ఇంకో పోగుకూ మధ్య ఆయన మోకాళ్ల నొప్పులూ, మా ఇంట్లో కారే కుళాయీ, మేనేజర్ మీద విసుర్లూ అన్నీ నడిచేవి.

ఇంటికెళ్తే నాలుగు గోడలే. రోజు మొత్తంలో నాతో మాట్లాడే మనిషి ఆయనొక్కడే.

అలాంటిది మేనేజర్ బొటనవేలంత ప్లగ్గొకటి తెచ్చాడు. దాన్ని అవతలి చివర వాచ్‌మన్ గుచ్చినా చాలు, పంపిన వెలుగు తిరిగి మన దగ్గరికే వస్తుంది. ఇక ఇద్దరెందుకన్నాడు. ఆ ప్లగ్గును చూస్తేనే నాకు ఒళ్లు మండేది. నా వెలుగు నాకే వచ్చి ఏం లాభం? ఊరికే ఫోన్ చేద్దామంటే, పనీపాటా లేదా అనుకుంటాడేమోనని బిడియం.

ఇవాళ కొత్త కేబుల్ మొరాయించింది. ప్లగ్గుతో చూస్తే అన్నీ పచ్చ లైట్లే. అసలు మిషన్లకు తగిలిస్తే ఉలుకూ పలుకూ లేదు. మేనేజర్ తల గోక్కుని, "బాబాయ్‌కి ఫోన్ చేసి పాత పద్ధతిలో చూడండి" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఏమమ్మాయ్, బతికే ఉన్నావా?"

"ఉన్నాను బాబాయ్. ఒకటి పంపుతున్నా."

మీటరు చూసి, "పన్నెండులో వచ్చింది" అన్నాడు.

అంతే, సంగతి తేలిపోయింది. రిబ్బన్ తిరగబడింది. ఒకటోది పన్నెండులో వస్తే మిగతావన్నీ తలకిందులే. ఈ పనిలో చేరిన వారానికే ఎవరికైనా తెలిసే ముక్క అది. ప్లగ్గుకు మాత్రం తెలియదు. అది ఒకటిని పన్నెండుతో, రెండును పదకొండుతో కలిపేస్తుంది కాబట్టి ఎటు తిప్పినా దానికి ఒకటే. అయినా నేను "రెండు" అన్నాను.

"ఇంకెందుకమ్మా" అంటాడేమోనని భయపడ్డాను.

"పదకొండులో వచ్చింది. కుళాయి బాగు చేయించావా?"

"లేదు బాబాయ్. మూడు. మోకాళ్లెలా ఉన్నాయి?"

అలా చివరిదాకా వెళ్లాం. ఎంత నెమ్మదిగా వెళ్లినా ఉన్నవి పన్నెండే. "ఒకటిలో వచ్చింది" అన్నాక కూడా ఇద్దరం ఫోన్ పెట్టేయలేదు. ఆయన వైపు ఫ్యాన్ల హోరు వినపడుతోంది.

"అమ్మాయ్, నాది పాత మీటరు. దాని మీద నాకంత నమ్మకం లేదు. మళ్లీ ఒకటి నుంచి చూద్దామా?"