చేయి విరిగింది గనక

మొగుడు ఒబువా రోకలితో కొట్టిన దెబ్బకు ఆయుగి ఎడమచేయి మోచేతి కింద విరిగింది. ఆమె నా భార్య చెల్లెలు. నా భార్య పోయాక నాకు మిగిలిన చుట్టం ఆమె ఒక్కతే.

భర్తతో పడుకున్నప్పుడల్లా ఆమెకు నెత్తురు కనబడేది. మందుల కొట్టువాడు మాత్రలిచ్చాడు. అత్తగారు వేర్లు నూరి తాగించింది. వానాకాలమంతా అలాగే గడిచింది. చివరికి ఊళ్లోని ఆరోగ్యకేంద్రంలో నర్సు లోపల చూడకుండానే, సుఖరోగమై ఉంటుంది, మొగుడు కూడా మందు మింగాలి, వెంటబెట్టుకు రమ్మంది. ఎవరికైనా అక్కడ చెప్పే మాటే అది. ఒబువాకు మాత్రం పెళ్లాం తప్పు రుజువైనట్టు వినిపించింది. వాడెవడో చెప్పమంటూ చెంపలు పగలగొట్టాడు, ఆపైన రోకలి అందుకున్నాడు. పడిపోయాక కూడా పొట్టలో తన్నాడు.

నెత్తురు పోతోందంటే కదలని మా లాంగో తెగ పెద్దలు, ఎముక తోలు చీల్చుకుని బయటపడేసరికి కదిలారు. విరిగిన చేయికి సిగ్గేమీ లేదు కదా. మోటారుసైకిల్ మీద ఆమెను మధ్యలో కూర్చోబెట్టుకుని జిల్లా ఆసుపత్రికి తెచ్చాను. బండి కుర్రాడు ప్రతి గుంతనూ తప్పించి నడిపాడు.

కట్టు కడుతుంటే ఆయుగి నా చొక్కా పట్టుకుంది.

"బావా, చెయ్యి సంగతి వాళ్లు చూసుకుంటారు. రెండోది నువ్వు చెప్పు. నాకు నోరు రావట్లేదు."

చెప్పాను. డాక్టరమ్మ ఆమెను తెర వెనక్కి తీసుకెళ్లింది. లోపల చూసే పనిముట్టును ముందు వేడినీళ్లలో ముంచి, చల్లదనం పోగొట్టింది. బయటికొచ్చి నన్ను కూర్చోమంది. గర్భాశయ ముఖద్వారానికి క్యాన్సర్ అని అనుమానం, పరీక్షకు ముక్క తీశానంది. కోసి తీసేసే దశ దాటిందట. రేడియేషన్ ఇస్తే ఆశ ఉందట. రాజధాని కంపాలాలోని పెద్దాసుపత్రికి రోగుల్ని తీసుకెళ్లే వ్యాను పొద్దున్నే బయల్దేరుతుందని, అది తప్పితే మళ్లీ ఎప్పుడో తనకే తెలియదని చెప్పింది.

సాయంత్రం ఒబువా వచ్చాడు. రోగుల తాలూకు ఆడవాళ్లు వంటలు చేసుకునే పాకలో, పొయ్యి పక్కన ఆయుగి కూర్చుని ఉంది.

"కట్టేశారుగా, లే. నువ్వుల కోత నీ బాబు కోస్తాడా?"

నేను అడ్డం నిలబడ్డాను.

"తప్పుకోండి మాస్టారూ. చదువుకున్న మీరు మీ ఆవిణ్ణి ఏపాటి బతికించారు?"

నుదుటితో నా మొహం పగలగొట్టాడు. నోట్లో పన్ను ఊడింది. నేను లేచేలోగా ఆమె కట్టున్న చేతినే పట్టి మెలిపెట్టాడు. ఆ కేకకు పొయ్యిల దగ్గరి ఆడవాళ్లంతా లేచారు. ఒక లావుపాటి ఆవిడ మొక్కజొన్న ముద్ద కలిపే తెడ్డును, పొగలు కక్కుతుండగానే, అతని చెవి మీద దించింది. ఉడుకు ముద్ద మెడకు అంటుకుని తోలు లేచింది. తక్కినవాళ్ల తెడ్లన్నీ అతని మీద పడ్డాయి. అతను కిందపడినా వాళ్లు ఆగలేదు. పక్కటెముక విరిగిన చప్పుడు నాకు వినబడింది.

చచ్చిపోతాడమ్మా అని నేను బతిమాలితే ఎవరూ వినలేదు.

"ఆపండక్కా," అంది ఆయుగి. గోడకానుకుని, చేతిని ఒడిలో పెట్టుకుని ఉంది. "వాడు చస్తే పోలీసులొచ్చి నన్ను స్టేషన్లో కూర్చోబెడతారు. నేను పొద్దున వ్యాను ఎక్కాలి."

ఆపారు. కాళ్లు పట్టి గేటు బయటికి ఈడ్చారు. లావుపాటావిడ తిరిగొచ్చి, తెడ్డు కడిగి, ముద్ద మెత్తగా చేసి ఆయుగికి తినిపించింది. నాకు పుక్కిలించడానికి ఉప్పునీళ్లిచ్చింది.

పొద్దున్నే ఆయుగి వ్యాను ఎక్కింది. కుదుపులకు చేయి నొప్పెడుతుందని డాక్టరమ్మ తన దిండు తెచ్చి కిటికీలోంచి అందించింది.