నడిమిట్ల పంచాయితీ

నడుమ అంటే ఎక్కడో అందరికీ తెలుసు, ఇద్దరు పంతగాళ్లు కొలవడం మొదలుపెట్టేదాకా. నస్పూర్‌లో బొగ్గు బాయి పని చేసే ప్రణయ్‌కి ఆ సంగతి పెళ్లాం పుట్టింటికి పోయిన నాలుగు నెలల్లో బాగా తెలిసొచ్చింది.

వనజ బతుకమ్మకని జమ్మికుంట పోయింది. పండుగ అయిపోయాక తీసుకురావడానికి ఇతనికి సెలవు దొరకలేదు. "మీ బాపును దింపిపొమ్మను" అని ఫోన్లో అన్నాడు. అన్నది అంతే. "మేం దింపితే బిడ్డను ఎల్లగొట్టినట్టుంటది. అల్లుడే రావాలె" అన్నాడు మామ సిద్దిరాములు. తండ్రి లేని ప్రణయ్‌కి పెద్దదిక్కయిన కైలాసం కాక "మనం పోతే తప్పు ఒప్పుకున్నట్టే" అని తేల్చాడు. వనజ మూడు రోజులు ఫోన్ ఎత్తలేదు. నాలుగో రోజు ప్రణయ్ చేయలేదు. ఆ తర్వాత ఇద్దరికీ రోషమే తోడు.

చివరికి నడిమిట్ల కూర్చుని మాట్లాడుకుందామని పెద్దలు ఒప్పుకున్నారు. ఎవరి గడప ఎవరూ తొక్కనక్కర్లేదు.

రైలు దారిలో నడుమ పెద్దపల్లి అన్నాడు సిద్దిరాములు. నస్పూర్ నుంచి మంచిర్యాల స్టేషన్ దాకా ఆటోలో పోయే దూరం కలపలేదని కైలాసం అలిగాడు. అది కలిపితే నడుమ రాఘవాపురం దిక్కు జరిగింది. అట్లయితే మా ఇంటి నుంచి స్టేషన్‌కు నడిచే దూరం ఎవరి లెక్క అన్నాడు సిద్దిరాములు. నడుమ మళ్లీ వెనక్కి వచ్చింది. మొదటి పంచాయితీకి ఒకరు పెద్దపల్లిలో, ఒకరు రాఘవాపురంలో దిగారు. అవతలి వాళ్లకు మర్యాద తెలియదని చెప్పుకుంటూ సాయంత్రానికి ఎవరి ఊరికి వాళ్లు చేరారు.

రెండోసారికి పెద్దపల్లే ఖాయమైంది. మొగుడూ పెళ్లాలు రావాల్సిన పని లేదన్న ఒక్క విషయంలో మాత్రం పెద్దలిద్దరికీ మాట కలిసింది.

ఆ ఆదివారం పొద్దున కాకను ఆటో ఎక్కించి ఇంటికొచ్చాడు ప్రణయ్. పొయ్యి వెలిగించబోయి ఆగిపోయాడు. వనజ లేని ఇంట్లో ఇంకొక్క పూట ఒంటరిగా తినడం అతని వల్ల కాలేదు. ఇంటికి తాళం వేసి తర్వాతి బండి ఎక్కాడు. పెద్దపల్లిలో దిగలేదు. జమ్మికుంటలో దిగి నేరుగా అత్తగారింటి గడప తొక్కాడు.

అత్త సత్తమ్మ చేతిలో చీపురు అట్లాగే పట్టుకుని నిలబడింది.

"వనజ లేదు బిడ్డా. వాళ్ల బాపు అటు వోంగనే, గిది నస్పూర్ వోయింది."

ప్రణయ్ అక్కడే అరుగు మీద కూలబడ్డాడు. అంతలో ఫోన్ మోగింది. నాలుగు నెలల తర్వాత ఆ పేరు తెర మీద కనబడేసరికి గబుక్కున ఎత్తాడు.

"ఏడున్నవ్?" అంది వనజ.

"మీ ఇంట్ల."



"నేను మన ఇంటి ముంగట కూసున్న. తాళం ఉంది."

మన ఇల్లు అన్న మాటకు ప్రణయ్‌కి ఏడుపొచ్చింది. అత్త చూస్తున్నదని దగ్గినట్టు చేశాడు.

"తాళంచెవి నా జేబుల ఉంది. నడిమిట్లకు రా, పెద్దపల్లిల కలుసుకుందాం."

"నడిమిట్లకే వచ్చేదాన్నయితే గింత దూరం ఎందుకొస్త? నేను గీడికెంచి కదల. నువ్వే ఇంటికి రా."

తిని పొమ్మని సత్తమ్మ వెంటపడినా ఆగలేదు.

తిరుగు బండి పెద్దపల్లిలో ఆగింది. ప్లాట్‌ఫాం బెంచీ మీద ఆ కొసకు మామ, ఈ కొసకు కాక. మాట ముందు ఎవరు ఎత్తాలో తేలలేదేమో, ఇద్దరూ పట్టాల దిక్కు చూస్తూ కూర్చున్నారు. నడుమ ఇద్దరు మనుషులు పట్టేంత జాగా ఉంది.

ప్రణయ్ వాళ్ల కంటపడకుండా తల కిందికి వంచుకుని, బండి కదిలేదాకా ఎత్తలేదు.