నీడ అడ్డమన్నారు

మధుబాబు మా డాబా ఎక్కి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని పడమర వైపు చూసి, "అన్నీ బాగున్నాయండీ, ఈ నీడొక్కటే అడ్డం" అన్నాడు.

నీడ అడ్డమనే మాట వినడం నాకు అదే మొదటిసారి. ఏడో తరగతిలో బడి మానేసి కొబ్బరి చెట్లెక్కినవాణ్ణి నేను. ఇప్పటికీ ఊళ్ళో తోటల్లో కొబ్బరికాయల దింపులు తీసే బతుకుతున్నాను. పొద్దుట్నుంచీ చెట్టూ చెట్టూ ఎక్కి దిగేవాడికి నీడ అంటే కాసేపు నడుం వాల్చే చోటు. అది ఎవరికైనా అడ్డం వస్తుందని నాకెవరూ చెప్పలేదు.

"నాలుగు కొబ్బరి చెట్లే కదండీ. ప్యానెల్ మీద ఒక్క మట్ట నీడ పడినా కరెంటు తగ్గిపోద్దండి. అంత ఖర్చు పెట్టి పెట్టించుకుని నీడలో ఉంచుతామంటే నేనేం చెప్పనండీ?" అంటూ ఫోన్లో ఏవో గీతలు చూపించాడు. అతను అమలాపురంలో సోలార్ బిగించే కంపెనీ మనిషి. మెత్తగా మాట్లాడతాడు. మాట మాటకీ అండీ తగిలించి మనం కాదనలేకుండా చేస్తాడు.

కింద గదిలోంచి మా తమ్ముడు అరిచాడు. మధుబాబు నా వంక చూశాడు. "ఏంటంటున్నారండీ ఆయన?"

"చెట్ల జోలికెళ్ళొద్దంటున్నాడు" అన్నాను.

వాడి మాట బయటివాళ్ళకి అర్థం కాదు. నాలుక మందం. నాకూ నా భార్య భవానికీ మాత్రం తెలుస్తుంది. వాడి పేరు వీరవెంకటరమణ. మస్కట్‌లో కడుతున్న మేడల మీద ఇనుప చువ్వలు అల్లే పని చేసేవాడు. ఒక ఎండాకాలం మిట్టమధ్యాహ్నం పనిలోనే కూలిపోయాడు. ఒంట్లో వేడి తలకెక్కి మూర్ఛలొచ్చాయట. అక్కడి ఆసుపత్రిలో బతికించి, విమానం ఎక్కించి, మాకు అప్పజెప్పారు. పెళ్ళి సంబంధాలు చూస్తున్న కుర్రాడు గోడ పట్టుకుని తూలుతూ ఇంటికొచ్చాడు. అప్పట్నుంచీ వాడికి చెమట పట్టదు. చెమట పట్టని ఒంట్లో వేడి ఎక్కడమే గానీ దిగడం ఉండదు.

కాకినాడ డాక్టరుగారు వాడి ముందే చెప్పేశారు. "ఈయన్ని ఎప్పుడూ చల్లగా ఉంచాలి. ఇంకోసారి ఆ స్థాయిలో వేడెక్కితే ప్రాణం నిలబడినా ఈ కాస్త మాటా నిలబడదు."

బయటికొచ్చి ఆటో ఎక్కుతూ రమణ నవ్వాడు. "నన్ను ఐస్‌పెట్టెలో పెట్టి అమ్ముకుంటావా ఏంటి అన్నియ్యా?"

మా ఇల్లు కూడా వాడి చేతి చలవే. మస్కట్ నుంచి వాడు పంపింది పెట్టి నాన్న కట్టిన పెంకుటిల్లు పడగొట్టి డాబా వేశాం. ఊళ్ళో అందరూ అదే చేస్తున్నారు. వాడు తిరిగొచ్చాక వాడి గదికి ఏసీ పెట్టించాం. ఐదు చుక్కలున్న ఇన్వర్టర్ ఏసీ, కరెంటు తక్కువ తాగుతుందన్నారు. బిగించినవాడు చల్లదనం బయటికి పోకూడదని వెంటిలేటర్లు ఇటుకలతో మూయించాడు. కిటికీకి కదలని అద్దం వేయించాడు. చీమ దూరే సందు కూడా లేకుండా చేసి, "ఇప్పుడు మీ గది ఫ్లాస్కు లాంటిదండీ" అన్నాడు. మేమూ మురిసిపోయాం.

గొడవల్లా రమణతోనే వచ్చింది. మేం చూడనప్పుడు పాక్కుంటూ వెళ్ళి ఏసీ ఆపేసేవాడు. అన్న చెట్లెక్కి తెచ్చింది తన గదికే తగలేస్తున్నామని వాడి బాధ. ఒకరోజు భవాని తలుపు తీసేసరికి కళ్ళు తేలేసి ఉన్నాడు. నాలుగు కడవలు గుమ్మరిస్తే తేరుకున్నాడు. ఆ రోజే భవాని సోలార్ పెట్టించాలని పట్టుబట్టింది.

"పైన పెట్టించేస్తే బిల్లు భయం ఉండదంటండీ. ఇంక ఆపమన్నా ఆపడు. ఎండ ఊరికే పోతుంది కదండీ?"

నాకూ అదే సబబనిపించింది. ఎండ వల్ల పాడైన మనిషిని ఎండతోనే చల్లగా ఉంచొచ్చు అంటే ఎవడు కాదంటాడు?

దింపులు తీసేవాళ్ళం మేం చెట్టు కొట్టం. మా పనిలో అదొక పట్టింపు. చెట్టు కొట్టిన చేత్తో ఇంకో చెట్టు ఎక్కితే జారతామని భయం. రాజోలు నుంచి మిషను రంపం వాళ్ళని పిలిపించాను. భవాని నాలుగు మొదళ్ళకీ పసుపు రాసి, చెంబుడేసి నీళ్ళు పోసింది. నేను ఆ పూట పనుందని చెప్పి వేరే ఊరు పోయాను. తిరిగొచ్చేసరికి ఇంటి పడమర గోడ మొత్తం నున్నగా, బోసిగా, ఎండలో తెల్లగా మెరుస్తోంది.

సోలార్ బాగానే పనిచేసింది. దాన్ని తప్పుపట్టడానికి లేదు. బిల్లు నామమాత్రం అయిపోయింది. భవాని ఫోన్లో ఇవాళ ఎంత తయారైందో చూసి నాకంటే ముందు రమణకి చెప్పేది. రమణ ఏసీ ఆపడం మానేశాడు. ఒంట్లో నలత తగ్గి, సాయంత్రాలు గోడ పట్టుకుని అరుగు దాకా వచ్చి కూర్చునేవాడు. వచ్చేపోయేవాళ్ళని పలకరించేవాడు. వాళ్ళు అర్థం అయినట్టు తలూపితే, వాళ్ళు వెళ్ళాక నాతో వాళ్ళ మీద జోకులేసేవాడు. మధుబాబు కొత్తవాళ్ళని మా ఇంటికి తీసుకొచ్చి, "చూడండి, వీళ్ళింట్లో పగలంతా ఏసీయేనండీ" అని చూపించేవాడు. నేను గొప్పగా నిలబడేవాణ్ణి.

ఒకటి మాత్రం గమనించాను. చెట్లు పోయాక ఆ పడమర గోడ సాయంత్రానికి పెనంలా కాలేది. ఏసీ ఇదివరకులా మధ్యమధ్యలో నెమ్మదించడం లేదు, అదేపనిగా రొదపెట్టేది. కరెంటు మనదే కదా అని ఊరుకున్నాం.

మే నెలలో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. కొబ్బరి చెట్లు కరెంటు తీగల మీద పడి స్తంభాలు విరిగాయి. వాన పడ్డ చల్లదనానికి ఆ రాత్రి మేమే కాదు, రమణ కూడా హాయిగా పడుకున్నాడు. తెల్లారేసరికి ఆకాశం కడిగినట్టుంది. ఎండ మొదలైంది. ఊళ్ళో అందరూ కరెంటు లేదని గోల పెడుతుంటే భవాని గుమ్మంలో నిలబడి, "మనకేం పర్లేదు, మనకి పైనుంది" అంది. అని, లోపలికెళ్ళి రిమోట్ నొక్కింది.

ఏసీ పలకలేదు.

గోడకున్న సోలార్ పెట్టె మీద ఎర్ర దీపం వెలుగుతోంది. ఫ్యాన్లకని పెట్టుకున్న చిన్న బ్యాటరీ రాత్రే అయిపోయింది. సిగ్నలు కోసం రోడ్డు మీదికెళ్ళి మధుబాబుకి ఫోన్ చేశాను.

"లైన్లో కరెంటు లేకపోతే అది కూడా ఆగిపోద్దండి. సేఫ్టీ కోసం అండీ. లేకపోతే మీ ఇంటి కరెంటు తీగల్లోకెళ్ళి, స్తంభమెక్కిన మనిషి చచ్చిపోతాడండి."

"ఎండ మండిపోతోంది కదయ్యా?"

"ఎండ ఉంటే సరిపోదండీ. పెద్ద బ్యాటరీలున్న సిస్టం అయితే ఆడేదండి. మీరు తీసుకున్నది అది కాదండీ."

"తీసుకున్నది నేనా? ఇచ్చింది నువ్వు కాదూ?"

"ఆయ్, నేనేనండీ. కరెంటు పోతే ఎలాగని మీరప్పుడు అడగలేదండీ."

అడగలేదు. సోలార్ పెట్టించుకున్నవాడికి కరెంటు పోవడమేంటని అనుకున్నాను. అతన్ని తిట్టడానికి నోరు తెరిచేలోపు ఫోను తెగిపోయింది.

అక్కణ్ణుంచి లైన్‌మన్ నాగసతీష్‌ని వెతుక్కుంటూ వెళ్ళాను. సెంటర్లో స్తంభం మీదున్నాడు. కింద పదిమంది తలలెత్తి చూస్తున్నారు.

"నాగసతీషూ, మా వైపు ఎప్పుడిస్తావయ్యా?"

"మీకేంటి బాబాయ్ తొందర? మీకు సోలార్ ఉందిగా!"

కిందున్నవాళ్ళు నవ్వారు.

"అది పనిచెయ్యదంట. చేస్తే నువ్వు చచ్చిపోతావంట."

"అయితే చెయ్యకపోవడమే మంచిది బాబాయ్" అని వాడూ నవ్వాడు. తర్వాత నా మొహం చూసి, "రమణ బాబాయ్ కోసమేగా? నాకు తెలుసు బాబాయ్. కానీ మీ వైపు మూడు స్తంభాలు పడిపోయేయి. సాయంత్రం లోపల నావల్ల కాదు. అందరూ మీలాగే చెట్లు కొట్టించుకునుంటే నాకీ తిప్పలుండేవి కాదు" అన్నాడు. మెచ్చుకుంటున్నట్టే అన్నాడు.

షామియానాలూ జనరేటర్లూ అద్దెకిచ్చే తాతారావు ఇంటికి పరుగెత్తాను. అరుగు మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు.

"ఒక్కటీ లేదండి. అన్నీ రొయ్యల చెరువుల మీదున్నాయి. చెరువులో గాలి చక్రాలు ఆగేయంటే రొయ్య చచ్చి తేలిపోద్దండి."

"ఇక్కడ మనిషండీ, తాతారావుగారూ."

"మరేనండీ. మనిషైతే ఆసుపత్రికైనా తీసుకెళ్ళొచ్చు. రొయ్యనెక్కడికి తీసుకెళ్తారు చెప్పండి?" అన్నాడు. ఎకసెక్కం కాదు, ఉన్న మాటే. పాపం, లేచి నాకు మజ్జిగ కూడా ఇవ్వబోయాడు. 

అంబులెన్సుకి ఫోన్ చేస్తే రోడ్డుకడ్డంగా చెట్లు పడి ఉన్నాయట, వాటిని కోసి తీసేదాకా రాలేమన్నారు.

ఇంటికొచ్చేసరికి భవాని రమణ ఒంటి మీద తడి తువ్వాళ్ళు కప్పి విసురుతోంది. మోటారు ఆడదు. డాబా మీది ట్యాంకులో నీళ్ళు కాగిపోయాయి. కాలువలకి నీళ్ళు కట్టేసే రోజులు, కాలువలో బురదే ఉంది. వీధి చివర చేతి బోరింగు దగ్గర ఊరంతా బిందెలతో వరస కట్టింది. గదిలోకి అడుగుపెడితే ఆవిరి మొహాన కొట్టింది. ఎటునుంచీ గాలి రాదు. ఫ్లాస్కులో వేడి నీళ్ళు పోసి మూత పెట్టినట్టుంది. గునపం తెచ్చి ఒక వెంటిలేటరు మీద రెండు పోట్లు పొడిచాను. సిమెంటు గట్టిది. అద్దం పగలగొడితే బయట ఎండలో కాగిన గాలి లోపలికొచ్చింది.

"ఇక్కణ్ణుంచి తియ్యి అన్నియ్యా" అన్నాడు రమణ. అప్పటికింకా వాడి మాట నాకు స్పష్టంగానే తెలుస్తోంది.

దారికవతల బాలగంగాధరంగారి కొబ్బరి తోట ఉంది. నేనొక కొసా భవాని ఒక కొసా పట్టుకుని మడతమంచంతో సహా ఎత్తాం. వాడు బక్కపలచనే, అయినా భవాని రెండుసార్లు దించమంది. మా దొడ్డి దాటుతున్నంతసేపూ ఎండ నేరుగా వాడి మొహం మీదే ఉంది. కప్పుదామంటే చేతులు ఖాళీ లేవు. భవాని తన తల వాడి మొహానికి అడ్డం వచ్చేలా వంగి నడిచింది.

తోటలోకి అడుగుపెట్టగానే చల్లగాలి తగిలింది. రాత్రి వాన తడి ఇంకా నేల మీదుంది. రాలిన మట్టలు పక్కకి లాగి మంచం వేశాం. ఇక్కడికి పొద్దున్నే తెచ్చి పడుకోబెట్టి ఉంటే సరిపోయేది. పొద్దున్నంతా మా ఇద్దరి ధ్యాసా ఆ పెట్టె మీదా, దాని మీది ఎర్ర దీపం మీదే ఉండిపోయింది.

అప్పటికే వాడి కళ్ళు పైకి తిరుగుతున్నాయి. ఒళ్ళు ముట్టుకుంటే కాలుతోంది. కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది. నేను గబగబా దగ్గరున్న చెట్టెక్కి బొండాలు కోసి కింద పడేశాను. భవాని కొట్టి ఆ నీళ్ళే వాడి తల మీద, ఛాతీ మీద పోసింది. నోట్లో పోస్తే లోపలికి దిగలేదు. బోరింగు దగ్గరున్న ఆడవాళ్ళు సంగతి తెలిసి వాళ్ళ బిందెలు ఎత్తుకొచ్చి గుమ్మరించారు. నేను చెట్ల మీదికెక్కి దిగుతూనే ఉన్నాను. ఇంకేం చెయ్యాలో తెలియక అదే చేశాను. నాకు వచ్చిన పని అదొక్కటే.

పొద్దు వాలాక అంబులెన్సు వచ్చింది. అమలాపురం ఆసుపత్రిలో వాణ్ణి బతికించారు.

మంచం దిగనిస్తారని చెప్పిన రోజు వాడు కళ్ళు పూర్తిగా తెరిచి నన్ను గుర్తుపట్టాడు. నా చెయ్యి పట్టుకుని ఏదో అన్నాడు. గొంతులోంచి గాలి వచ్చింది, దానికి ఆకారం లేదు. ముందుకి వంగాను. మళ్ళీ అన్నాడు. భవాని కూడా దగ్గరికొచ్చింది.

"నీళ్ళా రమణా? ఫ్యానా? ఇంటికెళ్ళిపోదామా?"

ప్రతిదానికీ తల అడ్డంగా ఆడించాడు. అదే మాట మళ్ళీ అన్నాడు, ఈసారి నెమ్మదిగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. ఇన్నేళ్ళుగా వాడు అన్నది ఊళ్ళోవాళ్ళకి నేనే విప్పి చెప్పేవాణ్ణి. ఇప్పుడు నేనూ ఊళ్ళోవాళ్ళలాగే వాడి పెదాల వంక చూస్తున్నాను.

"అలాగేలేరా" అన్నాను.

దేనికి ఒప్పుకున్నానో నాకు తెలియదు. నాకు తెలియలేదన్న సంగతి వాడికి తెలిసిపోయింది. నా చెయ్యి వదిలేసి, మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.