అద్దాల బీరువాలో చోటు

నేనొక వక్కపెట్టెను. ముందే చెప్పుకోవడం మంచిది, ఎందుకంటే ఈ ఇంట్లో నన్ను ఫ్రిజ్జు మీది డబ్బా అంటారు.

మొన్న శ్రావణ శుక్రవారానికి ముందురోజు కూడా ఆ మాట పడ్డాను. ఆ పొద్దున మృత్యుంజయరావుగారికి నెయిల్ కట్టరు కావలసి వచ్చింది. ఆయన ఏ వస్తువైనా ముందు లేదని ప్రకటించి, తరవాత వెతుకుతారు. హాల్లో అద్దాల బీరువా తెరిచి, అందులో ఉన్న పాతకాలపు పెట్టెల మూతలు ఒక్కొక్కటే తీసి చూస్తున్నారు.

"ఏవండీ! చేతులు తుడుచుకున్నారా?" అంటూ ఆయన భార్య కుముదిని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"గోళ్ళు తీసుకోడానికి చేతులు తుడుచుకోవాలా?"

"గోళ్ళకి కాదు, వాటిని ముట్టుకోడానికి. అయినా నెయిల్ కట్టరు అందులో ఎందుకుంటుంది?"

"పెట్టెలన్నాక ఏదో ఒకటి ఉండాలి కదే. ఎందులో చూసినా ఇదే!" అని ఆయన వేళ్ళ మధ్య పట్టుకుని చూపించారు. కొత్త చెప్పుల డబ్బాలో వస్తుందే, తినకూడదని రాసి ఉండే చిన్న తెల్ల పొట్లం, అది.

"చెమ్మ పట్టకుండా వేశాను."

"లోపలేమీ లేనప్పుడు చెమ్మ దేనికి పడుతుంది?"

"పెట్టెకి పడుతుంది. అవి చూసుకోడానికండీ, పెట్టుకోడానికి కాదు. మీ నెయిల్ కట్టరు ఫ్రిజ్జు మీది డబ్బాలో ఉంది, వెళ్ళి తీసుకోండి."

"డబ్బా ఏమిటమ్మాయ్?" కుర్చీలోంచి కుముదిని అత్తగారు సీతారావమ్మగారు మెల్లగా అన్నారు. "అది మా తాతగారి వక్కపెట్టె."

నా మూత తెరుచుకుంది, కట్టరు బయటికి వెళ్ళింది, మూత సగమే పడింది. అక్కడినుంచి తలుపు సందులోంచి చూస్తే అద్దాల బీరువా కనబడుతుంది. దానికి లోపల దీపం కూడా ఉంది. నాకు కావలసిందల్లా ఆ దీపం కింద ఒక చోటు. కుముదిని ఈ ఇంటికి వచ్చాక నేను కోరుకున్నది అదొక్కటే.

నేనేమీ ఊరూపేరూ లేనిదాన్ని కాను. పెద్దాపురంలో ఒక ప్లీడరుగారు ఇల్లు కట్టుకున్నప్పుడు సింహద్వారానికి తెచ్చిన టేకులో మిగిలిన ముక్కతో వడ్రంగి నన్ను చేశాడు. మూత మీద ఇత్తడి పువ్వులు పొదిగాడు. ఆఖరి పువ్వుకి ఇత్తడి చాలక ఒక రేకు తగ్గింది. ఆ వైపు వెనక్కి వచ్చేటట్టు కీళ్ళు బిగించి, ఏమీ ఎరగనట్టు ఇచ్చేశాడు.

ప్లీడరుగారికి నాతో పెద్ద పని ఉండేది. కక్షిదారు వచ్చి కూర్చోగానే నా మూత తెరిచి తాంబూలం అందించేవారు. రెండోసారి మూత తెరిచారంటే ఇక లేవమని. ఎదుటివాడు అది నోట్లో పెట్టుకుని, కండువా సర్దుకుని వెళ్ళిపోయేవాడు. తరవాత నేను ఆయన కూతురి చేతికి వచ్చాను. ఆవిడ భర్తకు తెలియకుండా నా అడుగు అరలో పొగాకు కాడ దాచుకునేది. భర్తకు ఆ సంగతి తెలుసు, తెలియనట్టే ఉండేవాడు. మనుషులు దీన్ని సంసారం అంటారని నాకు తరవాత అర్థమయింది. ఆవిడ కూతురే సీతారావమ్మగారు. ఆవిడతో కాకినాడ వచ్చి, ఇక్కడే ఉండిపోయాను.

సీతారావమ్మగారికి ఇప్పుడు పళ్ళు లేవు, కట్టుడు పళ్ళే. అయినా భోజనం కాగానే వక్కపలుకు, లవంగం ఉండాల్సిందే. నన్ను ఒళ్ళో పెట్టుకుని, కుడిచేతి బొటనవేలితో మూత అంచున ఒక్క నొక్కు నొక్కుతారు. తీసుకోవడం అయ్యాక మూత వేసి, పైన అరచేత్తో చిన్న చరుపు చరుస్తారు, పసిపిల్లను నిద్రపుచ్చినట్టు. ఆ వేలు తగిలీ తగిలీ అంచు దగ్గర నాకు గుంట పడింది. పువ్వుల్లో నగిషీ అరిగిపోయింది. లోపల సున్నం మరకలు. నన్ను బీరువాలోకి రానివ్వకపోవడానికి ఆ వేలే కారణమని నా మనసులో ఒక కోపం ఉండేది.

కుముదిని చదువుకున్న పిల్ల. పాత పెట్టెలంటే ప్రాణం. ఏ పెట్టె చేతికొచ్చినా ముందు బోర్లించి అడుగు చూస్తుంది, తరవాత వాసన చూస్తుంది, ఆ తరవాతే అందం. మెత్తటి కుంచెతో దుమ్ము దులుపుతుంది. పక్కింటివాళ్ళు ఖాళీ చేస్తూ ఇచ్చిన బర్మా లక్క డబ్బాతో మొదలైంది ఇదంతా. తరవాత కాశ్మీరుది వచ్చింది. ఎంత పూలు గీసినా అది కాగితపు గుజ్జు, వానచుక్క పడితే నానిపోయే జాతి. తరవాత గంధపుచెక్క భరిణె. దాని వాసన ఎప్పుడో పోయింది. అయినా చూడవచ్చినవాళ్ళు మూత తీసి "అబ్బ, ఏం వాసనండీ!" అంటారు. కుముదిని నవ్వుతుంది. అందరికీ అబద్ధమని తెలిసిన మాట అది.

ఇవన్నీ ఒక ఎత్తు, బీదరు పెట్టె ఒక్కటీ ఒక ఎత్తు. హైదరాబాదులో పాతసామాన్ల కొట్టుకు ఎన్నిసార్లు తిరిగి తెచ్చుకుందో. లోహం మీద కాటుకలాంటి నలుపు, ఆ నలుపులో సన్నటి వెండి తీగలు, తీగలకు పూలు. ఒక్క పువ్వుకీ రేకు తగ్గలేదు, వెతికాను. మధ్య అరలో, సరిగ్గా దీపం కింద దాన్ని పెట్టింది. రోజూ ఒకసారి వచ్చి దాన్ని వేలెడంత తిప్పి, మళ్ళీ అంతే వెనక్కి తిప్పేది. నన్నెవరైనా అలా తిప్పితే చాలని ఎన్ని మధ్యాహ్నాలు అనుకున్నానో!

నెయిల్ కట్టరు గొడవ జరిగిన సాయంత్రం కుముదిని అంది, "రేపు పేరంటానికి వక్కలు బీదరు పెట్టెలో పెడతానత్తయ్యగారూ. అందరూ చూస్తారు."

వక్కలు! నా పని! బీరువాలో చోటు ఇవ్వలేదు, సరే. నా పనీ దానికేనా? నా లోపల ఒక మూల సీతారావమ్మగారి వక్కపలుకులు, మిగతాదంతా గుండీలు, రబ్బరు బ్యాండ్లు, తలనొప్పి మందు. దానికి పేరంటం వక్కలు! కొయ్యకి చెమ్మ పడితే ఉబ్బుతుందంటారు. కోపంతో ఉబ్బడానికి నాకు ఆ రాత్రి చెమ్మ అక్కర్లేకపోయింది.

శుక్రవారం పొద్దున పనిమనిషి రాలేదు. కుముదిని ఇత్తడి పళ్ళేలు, కుందులు, పంచపాత్ర తోమడానికి గట్టుమీద పెట్టి, వక్కలు పోయడానికి బీదరు పెట్టెనూ పక్కనే ఉంచి, స్నానానికి వెళ్ళింది. సీతారావమ్మగారు వంటింట్లోకి వచ్చారు. కోడలు ఒక్కతీ ఎన్ని పనులని చేస్తుందనుకున్నారు కాబోలు, చింతపండు నానేశారు. పళ్ళేలు తోమారు. కుందులు తోమారు. తరవాత ఆవిడ చెయ్యి నల్లపెట్టె మీద పడింది.

"ఎన్నేళ్ళ చిలుమే నీకు!" అన్నారు జాలిగా.

నేను ఫ్రిజ్జు మీదనుంచి చూస్తూనే ఉన్నాను. పీచూ, చింతపండూ, ఉప్పూ, ఆవిడ పట్టుదలా. నలుపు నీళ్ళల్లో కలిసి తూములోకి పోయింది. వెండి తీగలు మెరిశాయి కానీ, చుట్టూ నలుపు లేక అవి ఉన్నట్టే కనబడలేదు. చివరికి ఆవిడ చేతిలో మిగిలింది పాత సత్తుగిన్నె రంగు పెట్టె. నిజం చెప్పాలంటే, నా కీళ్ళు సంతోషంతో వదులయ్యాయి.

తలకు తువ్వాలు చుట్టుకుని కుముదిని వచ్చింది.

"చూశావా అమ్మాయ్, ఎలా మెరుస్తోందో! పేరంటాళ్ళ ముందు ఆ మకిలి పెట్టె పెడితే ఏం బావుంటుందే?"

కుముదిని పెట్టెను అందుకుంది. అలవాటుగా బోర్లించి అడుగు చూసింది. అడుగూ తెల్లబడింది.

"అది మకిలి కాదత్తయ్యగారూ. ఆ నలుపే దాని పనితనం."

"నలుపు పనితనమేమిటి? ఎవరైనా కావాలని నల్లగా చేసుకుంటారా?"

"చేసుకుంటారండి."

సీతారావమ్మగారి తడిచేతులు చీరకొంగులోకి పోయాయి. "నాకెవరు చెప్పారమ్మా? బీరువా మీద చెయ్యి వేస్తే కేక. చెప్పి ఉంటే ముట్టుకుందునా?" అని తన గదిలోకి వెళ్ళిపోయారు. కుముదిని గట్టుకి ఆనుకుని అలాగే నిలబడింది. ఏడవలేదు. తువ్వాలు జారితే తీసుకోలేదు.

పేరంటాళ్ళు వచ్చే వేళయింది. వక్కలకి ఏదో ఒకటి కావాలి. కుముదిని తలెత్తి నన్ను చూసింది. చేతులు తుడుచుకుంది! నన్ను దింపి, గుండీలూ రబ్బరు బ్యాండ్లూ ఒంపేసి, కొబ్బరినూనెతో తుడిచింది. బోర్లించి అడుగు చూసింది. వెనక రేకు తగ్గిన పువ్వు దగ్గర వేలు ఆగింది. మొదటిసారిగా ఆ మొహంలో బీరువా ముందు కనబడే ఆ వెలుగు నా కోసం కనబడింది.

పసుపు, కుంకుమ, శనగల మధ్య నేను కూర్చున్నాను.

"ఎంత బావుందండీ! ఇదెక్కడ కొన్నారు?" అని ఎదురింటి కనకాంబరంగారు అడిగారు.

"కొనలేదండీ. మా అత్తయ్యగారి తాతగారిది."

గది గుమ్మం దగ్గర సీతారావమ్మగారి చీర అంచు కదిలింది. అద్దాల బీరువాలో మధ్య అర ఖాళీగా ఉంది. నేను దాన్నే చూస్తున్నాను.

రాత్రి భోజనాల దగ్గర మిగిలిన పులిహోర, బూరెలు. బల్ల మీద ఒకవైపు నేను, ఒకవైపు తెల్లబడ్డ పెట్టె. సీతారావమ్మగారు పొద్దుటినుంచీ కోడలితో మాట్లాడలేదు. బూరె తుంచి పక్కన పెట్టారు.

"అత్తయ్యగారూ, ఒకటి అనుకున్నాను," అంది కుముదిని. "మీ పెట్టె ఇక ఫ్రిజ్జు మీద ఉండకూడదు. రేపటినుంచి అద్దాల బీరువాలో, మధ్య అరలో పెడతాను. దాన్నెవరూ ముట్టుకోరు."

నేను ఇన్నాళ్ళూ ఎదురుచూసిన మాట. సీతారావమ్మగారు బూరె మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు.

"మరి నా వక్కలో?"

"ఇదిగోండి, ఇది మీకు." కుముదిని నాలో మిగిలిన వక్కలు తెల్లపెట్టెలోకి ఒంపి, దాన్ని అత్తగారి ముందుకు జరిపింది. "మీ చేత్తో తోమారు కదా, ఇంక దీనికి భయపడేది ఏముంది? రోజూ వాడుకోండి."

"అయితే కొత్తపెట్టె నాదా?" ఆవిడ నవ్వు కట్టుడు పళ్ళు దాటి వచ్చింది. కుడిచేతి బొటనవేలు తెల్లపెట్టె మూత అంచు మీద పెట్టి నొక్కారు. టక్కుమని తెరుచుకుంది. వక్కపలుకు వేసుకుని, మూత వేసి, పైన అరచేత్తో చిన్న చరుపు చరిచారు.

నా అంచున ఆ గుంట అలాగే ఉంది.

"అంతా బాగానే ఉంది గాని, నా నెయిల్ కట్టరు?" అన్నారు మృత్యుంజయరావుగారు.

"అదీ ఇకనుంచి అత్తయ్యగారి పెట్టెలోనే," అని కుముదిని కట్టరు తెచ్చి ఆ తెల్లపెట్టెకే ఇచ్చేసింది.